కాన్సరునకు ముందటి పది సంవత్సరములు

(సంఘ మహిళా విభాగ సమావేశమున చేయబడిన ప్రసంగపాఠము)



ఉగాది కవితలును, నాటక ప్రదర్శనములును అలంకరించు ఈ వేదికపై రోగ ప్రసంగము ఉచితమా యని కొందఱకు సందేహము కలుగవచ్చును. సాహిత్యమో సంగీతమో యైనచో సభారంజకముగ నుండును. స్త్రీల గర్భాశయమునకు వచ్చు వ్యాధిని గూర్చి నలుగురిలో మాటాడుట తెలుగు లోగిళ్ళలో అలవాటు లేని పని. తల్లి కూతురితో చెప్పదు. కోడలు అత్తతో చెప్పదు. ఇల్లాలు భర్తతో చెప్పదు. ఈ మౌనమే ఆ వ్యాధికి పెట్టని కోట.

2022 సంవత్సరపు అంతర్జాతీయ అంచనాల ప్రకారము భారతదేశమున ఆ యొక్క యేడు సుమారు 1,27,000 మంది స్త్రీలకు గర్భాశయముఖ కాన్సరు క్రొత్తగా కనబడినది; దాదాపు 80,000 మంది దానివలన మరణించిరి. ప్రపంచమంతటను ఆ యేడు ఈ వ్యాధిచే మరణించినవారు సుమారు 3,50,000 మంది. అనగా ప్రతి నలుగురైదుగురిలో ఒకరు భారతీయ స్త్రీ. వీరు మందు లేని మహామారికి బలియైనవారు కారు. కాన్సరుగా మాఱకముందే, ఏండ్ల తరబడి ముందుగా, పట్టుకొనుటకు వీలున్న వ్యాధికి బలియైనవారు. విచారింపవలసిన విషయ మిదియే.

గర్భాశయము క్రిందివైపునకు సన్నగిల్లి యోనిలోనికి తెఱచుకొను భాగమునకు గర్భాశయముఖమని పేరు. ఇచ్చట రెండు తెఱగుల కణములు కలిసికొనును. వెలుపలివైపున పెంకులు పేర్చినట్లు పలుచగ నుండు కణములు. లోపలివైపున స్తంభములవలె నిలిచియుండు కణములు. ఈ రెండింటి సరిహద్దు యౌవనము మొదలుకొని వార్ధకము వఱకు మెల్లమెల్లగా జరుగుచు, ఒక జాతి కణములు ఉన్నచోట మఱియొక జాతి కణములు ఏర్పడుచుండును. పొలముగట్ల తగవులన్నియు సరిహద్దునందే పుట్టినట్లు, ఈ వ్యాధియు తఱచుగా ఆ సరిహద్దునందే పుట్టును.

పుట్టించునది హ్యూమన్ పాపిలోమా వైరసు, సంగ్రహముగ హెచ్.పి.వి. జర్మను శాస్త్రజ్ఞుడు హెరాల్డ్ త్సూర్ హౌజన్ నాయకత్వమున 1983లో దీని 16వ రకమును, మఱుసటి యేడు 18వ రకమును ఈ కాన్సరు కణములయందు గుర్తించిరి. ఈ రెండు రకములే నూటికి 70 వంతుల గర్భాశయముఖ కాన్సరులకు కారణమని తరువాత తేలినది. ఆ కృషికి ఆయనకు 2008లో నోబెల్ బహుమానము లభించినది.

ఈ వైరసు స్త్రీపురుష సంపర్కమువలన సంక్రమించును. ఈ మాట వినగానే ఇల్లాండ్రు సిగ్గుతో తల వంచుకొనవలసిన పని లేదు. సంసారజీవనము చేయు స్త్రీపురుషులలో అత్యధికులకు ఎప్పుడో యొకప్పుడు ఇది సోకియే యుండును. జలుబు పట్టుట ఎట్లు శీలమునకు కళంకము కాదో, ఇదియు నట్లే. పదిమందిలో తొమ్మిదిమందికి ఒకటి రెండు సంవత్సరములలో శరీరమే దానిని వెడలగొట్టును. మిగిలిన కొలదిమందిలో అది తిష్ఠవేసి కణముల నడవడిని మార్చును. మాఱిన కణములు పైపొరను దాటి లోపలికి చొరబడినప్పుడే అది కాన్సరు. అంతవఱకు నుండునది పూర్వావస్థ మాత్రమే. ఆ చొరబాటునకు సామాన్యముగ పది మొదలు ఇరువది సంవత్సరములు పట్టును. రోగనిరోధక శక్తి క్షీణించిన స్త్రీలలో, ముఖ్యముగ హెచ్.ఐ.వి. సోకినవారిలో, ఈ గడువు తగ్గును. శత్రువు ద్వారముకడ పదేండ్లు కూర్చుండి యెదురుచూచు యుద్ధము వైద్యశాస్త్రములో మఱియొకటి అరుదు. కాని ఆ పదేండ్లును స్త్రీకి నొప్పి యుండదు, జ్వరముండదు, రక్తస్రావముండదు. కావున బాధ కలిగినప్పుడు చూపించుకొందమని వేచియుండుట యనగా శత్రువు లోనికి వచ్చువఱకు తలుపు చూడకుండుటయే.

ఆ పూర్వావస్థను ఉపేక్షించినచో ఏమగును? తెలిసికొనుటకై ప్రయోగము చేయుట ధర్మము కాదు. అయినను న్యూజిలండులోని ఆక్లండు నగరమున ఒక స్త్రీల ఆసుపత్రియందు, 1960 దశకము మొదలుకొని, తీవ్రమైన పూర్వావస్థ కనబడిన కొందఱు స్త్రీలకు ఆ సంగతి సరిగా తెలుపకయే, పూర్తి చికిత్స చేయక, ఏండ్ల తరబడి చూచుచు నుండిరి. 1987లో ఒక పత్రికా వ్యాసమువలన ఇది బయటపడెను. ప్రభుత్వము విచారణ జరిపించెను. సిల్వియా కార్ట్‌రైట్ అను న్యాయాధికారిణి 1988లో నివేదిక సమర్పించెను. ఆ స్త్రీల రికార్డులను పరిశీలించి 2008లో ప్రకటించిన లెక్క యిది: తగిన చికిత్స జరుగని వారిలో ముప్పది సంవత్సరములలో నూటికి 31 మందికి కాన్సరు వచ్చెను, తగిన చికిత్స పొందినవారిలో నూటికి ఒక్కరికంటెను తక్కువమందికి వచ్చెను. ఆ తల్లులు తెలియక చెల్లించిన మూల్యమువలన లోకమునకు తెలిసినది రెండు ముక్కలు. పూర్వావస్థ కనబడిన ప్రతి స్త్రీకిని కాన్సరు రాదు. కాని వచ్చువారిని ముందుగా ఏఱి చెప్పుట కష్టము గనుక, తీవ్రావస్థను కనుగొన్న పిమ్మట విడిచిపెట్టరాదు.

ఇక కనుగొను ఉపాయముల చరిత్ర. గ్రీసు దేశస్థుడగు జార్జి పాపనికొలావు 1913లో భార్య ఆండ్రోమాకీతో న్యూయార్కు నగరము చేరెను. బ్రతుకుతెరువునకై ఆయన మొదట ఒక దుకాణమున తివాచీలు అమ్మెను. ఆమె బొత్తాములు కుట్టెను. తరువాత ఆయనకు ప్రయోగశాలలో ఉద్యోగము దొరకగా, ఆమె జీతము లేని సహాయకురాలై ఆయన ప్రక్కనే పనిచేసెను. గినీ పందుల యోనిస్రావమును సూక్ష్మదర్శినిలో పరిశీలించుటతో మొదలైన ఆ పరిశోధన మానవ స్త్రీల వఱకు వచ్చినప్పుడు, చాల సంవత్సరముల పాటు తన శరీరమునుండియే నమూనాలు ఇచ్చిన స్త్రీ ఆమెయే. నేడు లోకమంతయు పాప్ పరీక్ష యని భర్త పేర పిలుచుచున్న దానిలో సగము పుణ్యము ఆ యిల్లాలిది. 1928లో పాపనికొలావు తన ఫలితములను ప్రకటింపగా వైద్యలోకము పెద్దగా పట్టించుకొనలేదు. రుమేనియాలో ఔరెల్ బాబెష్ అను వైద్యుడును అదే కాలమున స్వతంత్రముగ ఇట్టి పద్ధతినే ప్రకటించెను. 1941లో హెర్బర్ట్ ట్రౌట్ అను వైద్యునితో కలిసి పాపనికొలావు మరల ప్రకటించిన పిమ్మటనే ఈ పరీక్ష ఆదరణ పొందెను. ముఖభాగమును సుతారముగ గీకి తీసిన కణములను గాజుపలకపై పూసి, రంగువేసి, సూక్ష్మదర్శినిలో చూచుటయే దీని సారము.

ఇంత మంచి సాధనము చేతికి వచ్చినను, సాధనమొక్కటియే చాలదని ఇంగ్లండు అనుభవము చాటినది. అచ్చట 1960 దశకము మధ్యనుండియే పాప్ పరీక్షలు లక్షలకొలది జరుగుచుండెను. కాని వచ్చినవారే వచ్చుచుండిరి. రానివారు రాకయే యుండిరి. మరణములు ఆశించినంతగా తగ్గలేదు. 1988లో ప్రభుత్వము స్త్రీలందఱి పట్టికలను కంప్యూటరులో నెక్కించి, గడువు వచ్చిన ప్రతి స్త్రీకిని పిలుపు పంపుట, రానిచో మరల పిలుచుట అను ఏర్పాటు చేసెను. 1988లో నూటికి 42 మంది వఱకే యుండిన హాజరు 1994 నాటికి 85 మందికి పెరిగెను. ఆ పిమ్మట వ్యాధియు మరణములును స్పష్టముగ తగ్గెను. గాజుపలక మాఱలేదు, సూక్ష్మదర్శిని మాఱలేదు, మాఱినది పట్టిక. ఫైళ్ళతోను రిజిస్టర్లతోను జీవితము గడుపు ఉద్యోగులు ఈ యొక్క విషయమున గర్వింపవచ్చును. సక్రమముగ నడపిన రిజిస్టరు సయితము ప్రాణదానము చేయగలదు.

అయితే పాప్ పరీక్షకు శిక్షితులైన కణపరీక్షకులు, ప్రయోగశాలలు, మరల మరల చేయు పరీక్షలు కావలయును. ఒక్కసారి చేసిన పరీక్ష పూర్వావస్థలలో గణనీయమైన భాగమును తప్పిపోనిచ్చును. పల్లెలు లక్షలుగా గల భారతదేశమున ఇది సులభసాధ్యము కాదని గ్రహించిన వైద్యులు చౌకయైన మార్గము వెదకిరి. పలుచని ఎసిటిక్ ఆమ్లమును, అనగా వంటలలో వాడు వెనిగరు వంటి ద్రవమును, దూదితో గర్భాశయముఖమున అద్ది ఒక నిమిషము వేచియున్నచో, మాఱిన కణములున్న చోటు తెల్లబడును. దీపము వెలుతురు, శిక్షణ పొందిన కన్ను చాలును, ప్రయోగశాల అక్కఱలేదు.

తమిళనాడులోని దిండుక్కల్ జిల్లాలో ఈ పద్ధతిని ఒక్కమాఱు అమలుపఱచి, అవసరమైనవారికి చికిత్స చేయగా, కాన్సరు నూటికి 25 వంతులు, మరణములు 35 వంతులు తగ్గినట్లు 2007లో ప్రకటించిరి. బొంబాయి మురికివాడలలో టాటా స్మారక ఆసుపత్రి వైద్యులు 1998లో ప్రారంభించిన పరిశీలనలో సుమారు 1,50,000 మంది స్త్రీలు పాల్గొనిరి. పదవ తరగతి వఱకు చదివిన స్థానిక స్త్రీలకు శిక్షణ నిచ్చి వారిచేతనే రెండేండ్ల కొకసారి పరీక్ష చేయించిరి. పండ్రెండేండ్లలో మరణములు నూటికి 31 వంతులు తగ్గినట్లు 2013లో వెల్లడించిరి. పెద్ద డాక్టరు లేనిచోట పెద్ద మేలు జరుగదను మాట దీనితో పూర్వపక్షమైనది.

అయినను కన్నుపై ఆధారపడు పరీక్ష కన్నును బట్టియే యుండును. హైదరాబాదుకు సమీపముననున్న మేడ్చల్ ప్రాంతమున ఈ మూడు పద్ధతులను ఒకే స్త్రీలపై పోల్చి చూచి 2010లో ప్రకటించిన పరిశీలనలో, వెనిగరు పరీక్ష పూర్వావస్థలను చాలవఱకు గుర్తింపలేకపోగా, వైరసు పరీక్ష అన్నిటికంటె తక్కువగా పొరపడెను. పూర్వము నైజాము రాజ్యమునందుండిన ఉస్మానాబాదు జిల్లాలో, నేటి ధారాశివ్‌లో, జరిగిన మహాపరిశీలన మఱింత స్పష్టముగ మాటాడినది. 52 గ్రామ సముదాయములలో 30 మొదలు 59 ఏండ్ల వయస్సుగల 1,31,000 మందికి పైగా స్త్రీలను నాలుగు భాగములుగ విభజించి, ఒక్కొక్క భాగమున ఒక్కొక్క పద్ధతిని ఒకేసారి అమలుపఱచిరి; నాలుగవ భాగమున మామూలు వైద్యమే యుండెను. ఎనిమిదేండ్ల పిమ్మట చూడగా, వైరసు పరీక్ష జరిగిన పల్లెలలో మరణములు ఇంచుమించు సగమునకు తగ్గెను. తక్కిన రెండు పద్ధతులవలన చెప్పుకొనదగిన తగ్గుదల కనబడలేదు. వైరసు లేదని తేలిన 24,000 పైచిలుకు స్త్రీలలో ఒక్కరును ఆ కాలమున ఈ కాన్సరుతో మరణింపలేదు. 2009లో ప్రకటింపబడిన ఈ ఫలితము భారతీయ గ్రామీణ స్త్రీలు లోకమునకు ఒసగిన కానుక.

2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వైరసు పరీక్షకే ప్రథమ స్థానము నిచ్చుచు సూచనలు వెలువరించెను. సామాన్య స్త్రీలకు ముప్పదవ యేట మొదలుపెట్టి అయిదు మొదలు పదేండ్ల కొకసారి, హెచ్.ఐ.వి. గలవారికి ఇరువదియైదవ యేటనుండి మఱింత తఱచుగ. ముప్పదికి ముందు సామాన్య స్త్రీలకు ఏల వలదన్నచో, ఆ వయస్సున వైరసు తఱచుగా తనంతట పోవునదియే. దానిని పట్టుకొని వెంటబడినచో అనవసరమైన భీతియు, అనవసరమైన చికిత్సయు కలుగును.

ఈ పరీక్షలో మఱియొక సౌలభ్యము కలదు. మెత్తని చిన్న కుంచె వంటి పరికరముతో స్త్రీ తానే, స్నానపుగదిలో తలుపు వేసికొని, నమూనా తీసి ఇయ్యవచ్చును. డాక్టరు ముందు పడుకొనుటకు వెనుదీయు స్త్రీకి ఇంతకు మించిన మర్యాద మఱియొకటి లేదు. ఆస్ట్రేలియా దేశము 2022 జూలై మొదలుకొని పరీక్షకు అర్హులైన స్త్రీలందఱికి ఈ వెసులుబాటు కల్పించెను. వైరసు కనబడినచో, అది కణములను మార్చినదా లేదా యని డాక్టరు ముఖభాగమును పెద్దదిగా చూపు కాల్పోస్కోపు అను యంత్రముతోనో, మఱియొక పరీక్షతోనో చూచును.

ఇన్ని యుపాయములున్నను లోపమెక్కడ? ఒక చిన్న ఉదాహరణము. ఒక ఇల్లాలు నలుబదవ యేట ఆరోగ్య శిబిరమునకు పోయి నమూనా ఇచ్చినదనుకొందము. ఫలితము మూడు వారములకు వచ్చినది. ఈలోపల భర్తకు బదిలీ యైనది. ఉత్తరము పాత క్వార్టరుకు పోయినది. లేక ఫలితము చేరినది గాని పెద్ద ఆసుపత్రికి పొమ్మన్నారు. అబ్బాయి పరీక్షలు, మామగారి కంటి ఆపరేషను, పిన్ని కూతురి పెండ్లి ముగిసిన పిమ్మట చూతమని ఆమె వాయిదా వేసినది. పరీక్ష జరిగినది, రోగము దొరకినది, కాని స్త్రీ దక్కలేదు. నోటు వ్రాయబడి, ఉత్తరువు వెలువడని ఫైలు ఎంత కాలము బల్లపై నున్నను అర్జీదారునకు ఏమి ప్రయోజనము? పిలుపు, పరీక్ష, ఫలితము, చికిత్స, ఈ నాలుగును ఒకే గొలుసునకు కడియములు. ఏ కడియము తెగినను తక్కిన మూడును వ్యర్థము. కావున పూర్వావస్థను కనుగొనుటలో నిజమైన అభివృద్ధి యనగా క్రొత్త యంత్రము కొనుట మాత్రమే కాదు. పరీక్షకును చికిత్సకును నడుమనున్న దూరమును తగ్గించుట.

ఆ దూరము తగ్గించుటకు నేడు మార్గములు కలవు. కొన్ని చిన్న యంత్రములపై ఈ వైరసు పరీక్ష గంట, గంటన్నర కాలములోనే ముగియును. పూర్వావస్థ చిన్నదిగ నున్నప్పుడు వేడి కొనగల పరికరమును కొలది సెకండ్లు తాకించి ఆ చోటును మాడ్చివేయవచ్చును. అతిశీతలముతో గడ్డకట్టించియు నశింపజేయవచ్చును. పెద్దదైనచో విద్యుత్తీగ చుట్టతో ఆ భాగమును తొలగింతురు. వీనిలో చాలవఱకు ఆసుపత్రిలో పరుండనక్కఱలేదు; గర్భాశయమును తీసివేయవలసిన పనియు లేదు. ప్రొద్దున పరీక్షకు వచ్చిన స్త్రీ సాయంకాలమునకు చికిత్సతో ఇంటికి పోగల రోజు ఊహ కాదు.

2020 నవంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ 2030 నాటికి చేరవలసిన మూడు గమ్యములను నిర్ణయించెను. పదునైదేండ్లలోపు బాలికలలో నూటికి 90 మందికి టీకా. ముప్పదియైదవ యేటిలోపల ఒకసారి, నలుబదియైదవ యేటిలోపల మఱియొకసారి నూటికి 70 మంది స్త్రీలకు మేలైన పరీక్ష. వ్యాధి కనబడినవారిలో నూటికి 90 మందికి చికిత్స. దీనితో మన స్థితిని పోల్చిన సిగ్గు కలుగును. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 30 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో ఎన్నడైనను ఈ పరీక్ష చేయించుకొన్నవారు దేశమున నూటికి ఇద్దఱు కూడ లేరు. 2016లో కేంద్ర ప్రభుత్వము ముప్పది దాటిన స్త్రీలకు అయిదేండ్ల కొకసారి వెనిగరు పరీక్ష జరుపవలెనని మార్గసూచనలు ఇచ్చియే యున్నది. సూచనకును ఇంటి గడపకును నడుమ ఇంకను చాల దూరమున్నది.

ఇది పల్లెల సంగతి, చదువుకొన్న ఉద్యోగుల కుటుంబములకు వర్తింపదని భావించుట పొరపాటు. కేంద్రోద్యోగులకు 1954లో ఢిల్లీలో మొదలై తరువాత పెక్కు నగరములకు విస్తరించిన ఆరోగ్య పథకము కలదు, డిస్పెన్సరీ కలదు, పెద్ద ఆసుపత్రికి పంపు ఏర్పాటు కలదు. లేనిది అడుగు అలవాటు. భర్త రక్తపుపోటు మాత్రలు, పిల్లల దగ్గు మందు తెచ్చుకొనుటకు డిస్పెన్సరీ వరుసలో గంటలు నిలుచు ఇల్లాలు తన పేర ఒక్క చీటీ వ్రాయించుకొనదు. ఆమె సహనమును మెచ్చుకొనుట మానివేసి, ఆమె పేర ఆ చీటీ వ్రాయించుట భర్తలు చేయవలసిన పని.

నాలుగు మాటలు ఇంటికి తీసికొనిపోదగినవి. మొదటిది: ముప్పది దాటిన ప్రతి వివాహిత స్త్రీయు, ఏ బాధయు లేకున్నను, డాక్టరు నడిగి పరీక్ష చేయించుకొనవలయును. రెండవది: పరీక్షలో వైరసు ఉన్నదని వచ్చినచో అది కాన్సరు కాదు, తరువాతి అడుగు వేయుమను పిలుపు మాత్రమే. మూడవది: ముట్లుడిగిన తరువాత రక్తము కనబడినను, సంసర్గానంతరము రక్తము కనబడినను, దుర్వాసనతో తెల్లబట్ట యగుచున్నను, పరీక్ష శిబిరముకై వేచియుండక వెంటనే డాక్టరుకడకు పోవలయును. నాలుగవది: కూతుండ్రకు టీకా వేయించుట ఎంతయు మంచిది, కాని టీకా వేసికొన్న పిల్లయు వయస్సు వచ్చిన పిమ్మట పరీక్ష మానరాదు, తల్లికి ఆ టీకా పరీక్షకు బదులు కాదు.

సంఘమునకును ఒక పని కలదు. నాటకములకు చందా పట్టిక వ్రాయు చేతులు, సభ్యుల కుటుంబములలో ముప్పది దాటిన స్త్రీలకు ఏడాదికొకసారి గుర్తుచేయు పట్టిక యొకటి వ్రాయవచ్చును. అందు ఎవరి ఫలితమును వ్రాయనక్కఱలేదు. అది ఆమెకును డాక్టరుకును సంబంధించినది. గుర్తుచేసితిమా లేదా యనునది మాత్రమే వ్రాసినచో చాలును. ఫలితము చేతికి అందినదా యని మహిళా విభాగమువారు ఒక వదినను గాని పిన్నిని గాని ఏకాంతమున అడిగినచో, అదియే తెగిన కడియమును అతుకు పని. ఆసుపత్రికి ఒంటరిగ పోవుటకు వెఱచునామెతో తోడుగ పోవుట అంతకంటె గొప్ప పని.

చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొనుట తెలివి కాదని పిల్లలకు చెప్పని తెలుగు తల్లి యుండదు. ఈ వ్యాధి చేతులు కాలుటకు ముందు పదేండ్ల గడువు ఇచ్చుచున్నది. ఆ గడువును వాడుకొనుట ఆమె వంతు. ఆమెకు తీరిక కల్పించుట ఇంటివారి వంతు. ఆమె పేరు మఱువకుండుట సంఘము వంతు.